చి. ఆవకాయ వెడ్స్ చి.ల.సౌ. ముద్దపప్పు: డీటీపీ నేర్చుకునేవాళ్లకు ప్రాక్టీస్ ఫైళ్ల సంగతి

2006లో విజయవాడలో ఒక ప్రెస్‌లో డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కట్టే పనికి, చేరిన మూడో వారం. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు. పని లేని ఓ మధ్యాహ్నం, నేర్చుకుందామని ఎవరిదో శుభలేఖ ఫైలు తెరిచాను. అక్షరాలు సాగదీశాను, రంగులు మార్చాను, ముహూర్తం రాత్రి 2.41 అని ఉంటే పగలు 10.15 చేశాను. సాయంత్రం అన్నీ యథాస్థానంలో పెట్టేశాననుకుని సేవ్ కొట్టి ఇంటికెళ్లిపోయాను. టైమొక్కటే అలాగే ఉండిపోయింది. మర్నాడు 300 కార్డులు అచ్చయ్యాయి. పెళ్లివారు ఏమన్నారో ఇక్కడ రాయలేను. మళ్లీ వేసిన కార్డుల ఖర్చు మాత్రం నా జీతంలోంచి పోయింది.

ఇప్పుడు మా అక్క కూతురికి, పేజ్‌మేకర్ స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్ నేర్పుతున్నాను. దానికి మొదటిరోజు చెప్పిందే మీకూ చెబుతున్నా. కస్టమర్ ఫైలు మీద పని నేర్చుకోకూడదు. అందుకు వేరే ఫైళ్లుంటాయి.

పుస్తకంతోనో కోర్సుతోనో వచ్చే ప్రాక్టీస్ ఫైళ్లు మామూలుగా జిప్‌లో ఉంటాయి. ముందు దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. జిప్ లోపలే డబుల్ క్లిక్ కొడితే పేజీ తెరుచుకుంటుంది గానీ బొమ్మలు దొరకడం లేదని గోల పెడుతుంది. ఎందుకంటే బొమ్మ పేజీ ఫైల్లో ఉండదు, అది ఫలానా ఫోల్డర్లో ఉందన్న గుర్తు మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ మొత్తాన్ని రెండు కాపీలు చేసుకోండి. మా ఇంట్లో ఒకదాని పేరు ‘ముట్టుకోకు’, రెండోదాని పేరు ‘ఆట’. మొదటిదానిలో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్కు పెట్టేయండి. ఇక పొరపాటున కంట్రోల్ ఎస్ కొట్టినా భయం లేదు.

ఇన్‌డిజైన్ కొనే స్తోమత లేకపోతే అలాంటిదే స్క్రైబస్ ఉచితం. తెలుగు కోసమైతే పాత 1.4 వద్దు, 1.6 పెట్టుకోండి. పాతదాంట్లో వత్తులు సరిగ్గా కూర్చోవు.

‘ఆట’ ఫైలు తెరవగానే టైప్ చేయడం మొదలెట్టకండి. ఇన్‌డిజైన్‌లో అయితే డబ్ల్యూ కీ నొక్కుతూ ఫ్రేములు (మేటరూ బొమ్మలూ ఉండే గడులు) కనబడేలా, కనబడకుండా మార్చి చూడండి. పేజీ సైజు ఎంత, మార్జిన్ ఎంత, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కాగితం కత్తిరించేటప్పుడు పోయే అంచు) వదిలారా? తర్వాత పేరాగ్రాఫ్ స్టైల్స్‌లో (పేరాల ఫాంటు, సైజు ఒకేచోట నిర్ణయించేవి) మామూలు మేటర్‌కి వాడిన స్టైల్ తెరిచి 11 పాయింట్లను 14 చేయండి. ఫైలంతా ఒక్కసారిగా ఉబ్బిపోతే అది పనితనం తెలిసినవాళ్లు చేసిన ఫైలు. ఏమీ కదలకపోతే, పేరా పేరా చేత్తో దిద్దుకుంటూ పోయారన్నమాట. అలాంటి ఫైలు దగ్గర నేర్చుకునేది తక్కువ, పక్కన పెట్టేయండి. సైజు పెంచినప్పుడు ఫ్రేము మూలన ఎర్రగా ప్లస్ గుర్తు వస్తుంది చూడండి, మేటర్ పట్టక లోపల దాక్కుందని దానర్థం. ఆ గుర్తు చూడకుండా ప్రింటుకి పంపి చివరి రెండు లైన్లు మింగేసినవాళ్లు మా వృత్తిలో కొల్లలు.

ఇంకో ఆట. ఒక బొమ్మను వేరే ఫోల్డర్‌లోకి జరిపి ఫైలు మళ్లీ తెరవండి. లింక్స్ పానెల్‌లో ఎర్రటి ప్రశ్నార్థకం వస్తుంది. రీలింక్ చేసి దారి చూపండి. పని మీదున్నప్పుడు ఇది ఎలాగూ ఎదురవుతుంది, అప్పుడు చెమటలు పట్టకుండా ఉంటాయి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ రోజులు చేయించేది నకలు తీయడం. ఒక పేజీ ప్రింట్ తీసి, ఫైలు మూసేసి, స్కేలూ పెన్సిలూ పట్టుకుని కాలమ్ వెడల్పు, రెండు కాలమ్‌ల మధ్య సందు, హెడ్డింగ్ కింద వదిలిన జాగా అన్నీ కాగితం మీదే కొలిచి రాసుకోవాలి. కొత్త డాక్యుమెంట్‌లో ఆ కొలతలతో అదే పేజీ కట్టాలి. రెండు ప్రింట్లనూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. మా పిల్ల మొదటిసారి “పిన్నీ, నేను కొలతలు సరిగ్గానే పెట్టా” అని మొండికేసింది. 180 మిల్లీమీటర్లు ఉండాల్సిన కాలమ్ కాగితం మీద 174 వచ్చింది. తప్పు దానిది కాదు, ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘ఫిట్’ మీద ఉండిపోయింది. ‘యాక్చువల్ సైజ్’ పెట్టాక కిటికీ దగ్గర రెండూ కలిసిపోయాయి.

దొరికే ఫైళ్లు చాలావరకు ఇంగ్లీషువే కాబట్టి, తర్వాత మేటర్ తీసేసి తెలుగు పోయండి. అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాత అను ఫైల్లోంచి కాపీ కొడితే మాత్రం యూనికోడ్ ఫాంట్‌లో పిచ్చి గీతలొస్తాయి, ఆ రెండింటి లిపి సంకేతాలు వేరు. ముందు ‘లక్ష్మీ, స్త్రీ, రాష్ట్రం, వైశిష్ట్యం’ అని ఒక లైను కొట్టండి. వత్తులు విడిపోయి పక్కకొస్తే పేరాగ్రాఫ్ పానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఇంగ్లీషుకి 10 పాయింట్ల అక్షరానికి 12 లీడింగ్ (ఒక లైను నుంచి తర్వాతి లైనుకి దూరం) సరిపోతుంది. తెలుగులో పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుతుంది. నేను 15తో మొదలెట్టి, ఫాంటును బట్టి పెంచుతాను. సన్నటి కాలమ్‌లో రెండంచులూ సమంగా వచ్చేలా జస్టిఫై పెడితే మన పొడుగాటి మాటల మధ్య గుంటలు పడతాయి. అక్కడ ఎడమకే సర్దడం మేలు. కొందరు ఒప్పుకోరు, వాళ్లిష్టం.

చివరగా, ప్రాక్టీసులో నిజంలా కనిపించే పేర్లు, తేదీలు పెట్టొద్దు. మా పిల్ల కట్టిన శుభలేఖలో వరుడు చి. ఆవకాయ, వధువు చి.ల.సౌ. ముద్దపప్పు, ముహూర్తం 25 గంటల 70 నిమిషాలకు, వేదిక మా వంటిల్లు. పొరపాటున అచ్చు వేసే ప్లేటు దాకా పోయినా ఎవరో ఒకరు ఆపుతారు. ప్రింట్ తీసి టేబుల్ మీద పెడితే మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, “నెయ్యివాళ్ల తరఫున ఎవర్నీ పిలవలేదేమే?” అంది.