శాన్ మాటియో కౌంటీలో ప్రసిద్ధుల సమాధులను వెతికి చూడటం ఎలా?

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఆనుకుని ఉన్న శాన్ మాటియో కౌంటీలో కోల్మా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ నివసించేవారు సుమారు 1,500 మంది. సమాధుల్లో ఉన్నవారు దాదాపు 15 లక్షల మందని అంచనా. జీన్స్ ప్యాంటుకు తన పేరు ఇచ్చిన లీవై స్ట్రాస్, పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్, బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో, బ్యాంక్ ఆఫ్ అమెరికాకు మూలపురుషుడైన ఏ.పీ. జియానీని అందరూ ఇక్కడే, ఒకరికొకరు నడక దూరంలో ఉన్నారు. బే ఏరియాలో ఉంటున్న తెలుగువారు, పిల్లల దగ్గరికి వచ్చి కొన్ని నెలలు ఉండే తల్లిదండ్రులు ఒక పూట వీలు చేసుకుంటే కాలిఫోర్నియా చరిత్రలో పెద్ద భాగాన్ని కాలినడకన చూసి రావచ్చు. అయితే ముందుగా కొంత సిద్ధం కావాలి. పేరు తెలిసినంత మాత్రాన సమాధి దొరకదు, ముఖ్యంగా ఈ కౌంటీలో.

1. ముందు తరలింపు కథ తెలుసుకోండి

ఈ అడుగు దాటేసి వెళ్లినవారు దారి తప్పుతారు. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తన హద్దుల్లో కొత్తగా ఖననాలు చేయడాన్ని నిషేధించింది. నిషేధం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. నగరంలో భూమి ధర పెరుగుతోంది, పాత శ్మశానాలు ఆలనాపాలనా లేక పాడుబడుతున్నాయి, వాటివల్ల రోగాలు వస్తాయన్న భయమూ ఉంది. మరో పదేళ్లు గడిచేసరికి, ఉన్న సమాధులను కూడా తీసుకుపొమ్మని నగరం ఆదేశించింది. ఆ పని కోర్టు వివాదాలతో, ఓటింగులతో సాగుతూ 1940ల దాకా నడిచింది. అలా తీసిన అవశేషాలలో అత్యధిక భాగం కోల్మాకు చేరింది.

అందువల్ల ఒక జీవితచరిత్రలో 'లారెల్ హిల్‌లో ఖననం చేశారు' (అది శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాత శ్మశానం) అని ఉంటే ఆ మాట ఆనాటికి నిజం, ఈనాటికి కాదు. ఎక్కడివారిని ఎక్కడికి తెచ్చారో గుర్తుంచుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. లారెల్ హిల్‌లోని సుమారు 35,000 మంది కోల్మాలోని సైప్రస్ లాన్ శ్మశానానికి వచ్చారు. కాథలిక్కుల కాల్వరీ శ్మశానం నుంచి సుమారు 55,000 మంది అక్కడి హోలీ క్రాస్ శ్మశానానికి వచ్చారు. మసోనిక్ శ్మశానంలోని వారు కోల్మాలోనే ఉన్న వుడ్‌లాన్ శ్మశానానికి వెళ్లారు. ఆ పాత స్థలంలో ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం ఉంది. నగరంలోనే మిగిలిపోయినవి మిషన్ డొలోరెస్ చర్చి పక్కనున్న చిన్న శ్మశానం, ప్రెసీడియోలోని సైనిక శ్మశానం వంటి కొద్దిపాటివే. అవి ఈ కౌంటీ కిందికి రావు.

ఇందులో నన్ను బాగా బాధపెట్టే సంగతి ఒకటుంది. పాత సమాధిరాయిని కూడా తరలించాలంటే కుటుంబమే ఖర్చు పెట్టుకోవాలి. అందుకయ్యే పది డాలర్లు ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. పైగా ఎంతోమందికి వారసులే మిగల్లేదు. ఎవరూ అడగని వారి అవశేషాలను సామూహికంగా పాతిపెట్టారు. వారి రాళ్లను సముద్రపు గట్లకు, పార్కు కాలువలకు వాడేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యూనా విస్టా పార్కులో దారి పక్క కాలువల్లో ఆ పాలరాతి పలకలను ఈనాటికీ చూడవచ్చు, కొన్నింటి మీద అక్షరాలు కూడా కనిపిస్తాయి. కాబట్టి మీరు వెతికే మనిషికి రాయి లేకపోతే ఆ మనిషి అక్కడ లేడని అనుకోవద్దు.

2. జాబితా రాసుకోండి, పేరు పక్కన కారణం కూడా రాయండి

ఒక పూటకు ఎనిమిది లేదా పది పేర్లు చాలు. పేరు, చనిపోయిన తేదీ, శ్మశానం, ఈ మనిషిని ఎందుకు చూడాలనుకుంటున్నారో ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే పేరు కొట్టేయండి. ప్రసిద్ధి ఒక్కటే చూసుకుంటే పెద్ద పెద్ద రాతి మందిరాల మధ్య తిరిగి రావడమే అవుతుంది.

నా జాబితాలో అందరికంటే ముందుండేది ఫినియాస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్‌లో రైలుమార్గం పనిలో బండ పేలుస్తుండగా ఒక ఇనుప కడ్డీ ఆయన చెంప కిందుగా దూరి నడినెత్తి నుంచి బయటపడింది. అయినా బతికాడు, ఆ తర్వాత ప్రవర్తన మారిందని వైద్యుడు రాశాడు. మెదడుకు, స్వభావానికి ఉన్న సంబంధం గురించి చెప్పే పాఠాల్లో ఆయన పేరు తప్పక వస్తుంది. 1860లో ఈ ప్రాంతంలోనే చనిపోయాడు. కొన్నేళ్లకు పుర్రెను వెలికితీసి తూర్పు తీరానికి పంపారు; అది హార్వర్డ్ వైద్య మ్యూజియంలో ఉంది. మిగిలిన దేహం 1940లో లారెల్ హిల్ వారితో పాటు సైప్రస్ లాన్‌కు వచ్చింది. విడిగా సమాధి లేదు, అందరినీ కలిపి పాతిన దిబ్బే ఆయన చోటు. 1859లో ద్వంద్వయుద్ధంలో తూటా దెబ్బకు మరణించిన సెనేటర్ డేవిడ్ బ్రోడరిక్ కూడా అలా తరలివచ్చినవాడే. ఆ ద్వంద్వయుద్ధం జరిగిన చోటు కూడా ఈ కౌంటీలోనే, డేలీ సిటీలో ఉంది.

3. ఆన్‌లైన్‌లో వెతకండి, రెండు చోట్ల సరిపోల్చండి

ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైటులో శ్మశానం పేరుతో వెతికితే ప్రసిద్ధుల జాబితా విడిగా వస్తుంది. సమాధి ఫోటో, సెక్షను, వరుస, కొన్నిచోట్ల జీపీఎస్ గుర్తు కూడా ఉంటాయి. వాటిని చేర్చేది స్వచ్ఛందంగా పనిచేసేవారు. వారి శ్రమ గొప్పది, కానీ పొరపాట్లు ఉండవచ్చు. అందుకని కనీసం మరొక ఆధారంతో పోల్చండి: ఆనాటి పత్రికలో వచ్చిన మరణవార్త, లేదా ఆ శ్మశానం తన సైటులో పెట్టిన పటం. కాలిఫోర్నియా పాత పత్రికలు చాలావరకు ఉచితంగా చదువుకునేందుకు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

మూడు విషయాలు ప్రత్యేకంగా చూడండి. మొదటిది, తరలించిన సంవత్సరం. తనను తాను అమెరికా చక్రవర్తిగా ప్రకటించుకున్న జాషువా నార్టన్ 1880లో చనిపోయాడు, కానీ వుడ్‌లాన్‌కు వచ్చింది 1934లో. రెండోది, దహనమా ఖననమా అన్నది. దహనమైతే భూమి మీద కాక, చితాభస్మ కలశాలు ఉంచే గూళ్ల భవనంలో వెతకాలి. ఆ భవనాలకు వేళలు వేరుగా ఉంటాయి. మూడోది, ఇప్పటికీ అక్కడే ఉన్నారా అన్నది.

ఈ మూడో ప్రశ్నకు ఇషి కథ చూడండి. యాహి తెగలో మిగిలిన చివరి మనిషి ఆయన. 1911లో ఒరోవిల్ దగ్గర అడవి నుంచి బయటికి వచ్చి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంటూ 1916లో క్షయతో మరణించాడు. దేహాన్ని కోయవద్దన్న ఆయన విశ్వాసాన్ని పట్టించుకోకుండా శవపరీక్ష చేసి, మెదడును స్మిత్సోనియన్ సంస్థకు పంపారు. చితాభస్మాన్ని మట్టికుండలో పెట్టి కోల్మాలోని ఆలివెట్ శ్మశానంలో ఉంచారు. చివరికి 2000లో ఆ అస్థికలను, మెదడును కలిపి కాలిఫోర్నియా ఆదివాసులకు అప్పగించారు. వారు ఆయనను ఆయన పూర్వీకుల నేల మీద, బయటివారికి చెప్పని చోట పాతిపెట్టారు. పాత పుస్తకం పట్టుకుని ఆలివెట్‌కు వెళితే ఇషి అక్కడ ఉండడు. ఆ రహస్య స్థలం కోసం వెతకడం కూడా తగదు.

4. శ్మశానం ఆఫీసులో అడగండి

సంకోచించనక్కర్లేదు, ఇలాంటి ప్రశ్నలు వారికి మామూలే. పూర్తి పేరు, మరణించిన సంవత్సరం చెబితే సెక్షను, లాటు సంఖ్య చెబుతారు; పటం మీద గుర్తు పెట్టి ఇవ్వమని కోరండి. ఆఫీసు పనివేళల్లో, అంత్యక్రియల హడావుడి లేని సమయంలో వెళ్లండి. యూదుల శ్మశానాలు శనివారం, పండుగ రోజుల్లో మూసి ఉంటాయి కనుక హోమ్ ఆఫ్ పీస్, హిల్స్ ఆఫ్ ఎటర్నిటీ చూడాలనుకునేవారు ఆదివారమో పనిదినమో ఎంచుకోవాలి. హిల్‌సైడ్ బులెవార్డు మీదున్న కోల్మా చారిత్రక సంఘం మ్యూజియం తెరిచి ఉంటే ముందు అక్కడికి వెళ్లడం మంచిది.

5. ఉత్తరం నుంచి దక్షిణానికి నడవండి

కోల్మా బార్ట్ రైలు స్టేషనులో దిగి, ఎల్ కమీనో రోడ్డు వెంట నడుస్తూ, చివరికి సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కో స్టేషనులో రైలెక్కండి. అలసిపోతే ఎల్ కమీనో మీద శామ్‌ట్రాన్స్ బస్సు ఉంది. వేసవి అయినా పొగమంచు, చలిగాలి ఉంటాయి, స్వెటర్ తప్పనిసరి. లోపల విస్తీర్ణం ఎక్కువ కాబట్టి తాగునీరు, సౌకర్యంగా ఉండే చెప్పులు అవసరం.

మొదట వచ్చేది వుడ్‌లాన్. అక్కడ నార్టన్ రాయి మీద చక్రవర్తి బిరుదును పూర్తిగా చెక్కారు. మతి చలించినవాడని తెలిసినా ఆ నగరం ఆయనను గౌరవంగా చూసుకుంది, ఆయన అచ్చువేసిన నోట్లను దుకాణాల్లో తీసుకునేవారు. శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్‌ల మధ్య వంతెన కట్టమని 1872లోనే ఆయన ఆజ్ఞ జారీచేశాడు. వంతెన 1936లో పూర్తయింది.

తర్వాత పక్కపక్కనే ఉండే రెండు యూదు శ్మశానాలు. హోమ్ ఆఫ్ పీస్‌లో లీవై స్ట్రాస్ ఉన్నాడు. హిల్స్ ఆఫ్ ఎటర్నిటీలో ఉన్నది వయాట్ అర్ప్, 1881లో అరిజోనాలోని టూంస్టోన్‌లో జరిగిన కాల్పులతో పేరుమోసిన పోలీసు అధికారి. ఆయన యూదుడు కాడు. 1929లో లాస్ ఏంజెలెస్‌లో మరణిస్తే, భార్య జోసఫీన్ మార్కస్ చితాభస్మాన్ని తన పుట్టింటివారి స్థలానికి తెచ్చింది. తర్వాత ఆమె కూడా అక్కడికే చేరింది. భర్త పేరుతోనే వెతికితే ఈ సంబంధం అంతుపట్టదు. అందుకే ఎవరి సమాధి వెతుకుతున్నా భార్య, తల్లి, తోబుట్టువుల పేర్లు కూడా రాసుకోవాలి. ఆ సమాధిరాయిని 1957లో దొంగిలించారు కూడా.

సైప్రస్ లాన్‌కు ఎక్కువ సమయం ఉంచుకోండి. 1892లో మొదలైన ఈ తోట రోడ్డుకు రెండువైపులా ఉంది. స్తంభాలతో గ్రీకు గుడిని తలపించే హర్స్ట్ కుటుంబ మందిరం, పత్రికా రచయిత లింకన్ స్టెఫెన్స్, గోల్డెన్ గేట్ పార్కును పెంచి పోషించిన జాన్ మెక్‌లారెన్ ఇక్కడే ఉన్నారు. బేస్‌బాల్ ఆటగాడు లెఫ్టీ ఓడూల్ రాయి మీద 'మంచి కాలంలో ఇక్కడ ఉన్నాడు, ఉన్నంతకాలం సంతోషంగా ఉన్నాడు' అనే అర్థం వచ్చే మాటలున్నాయి. వీరందరి కంటే లారెల్ హిల్ దిబ్బ దగ్గర ఎక్కువసేపు ఆగమని నా సలహా.

హోలీ క్రాస్ 1887 నాటిది. డిమాజియో సమాధి దగ్గర అభిమానులు పెట్టిన బంతులు, బ్యాట్లు కనిపిస్తాయి. జియానీని, గవర్నర్ ప్యాట్ బ్రౌన్, జాజ్ పియానో వాద్యకారుడు విన్స్ గ్వరాల్డి, 1978 నవంబరు 27న తన ఆఫీసులోనే హత్యకు గురైన మేయర్ జార్జ్ మాస్కోనీ ఇక్కడివారే. ఓపిక ఉంటే హిల్‌సైడ్ బులెవార్డు మీది జపనీస్ శ్మశానం కూడా చూడండి. 1860లో పసిఫిక్ దాటివచ్చిన కాన్‌రిన్ మారు ఓడలోని ముగ్గురు నావికులు ఆ పర్యటనలో మరణించారు; వారి సమాధులు అక్కడున్నాయి.

6. శాన్ బ్రూనోకు మరో రోజు పెట్టుకోండి

ఈ కౌంటీలోనే ఉన్న శాన్ బ్రూనోలోని గోల్డెన్ గేట్ జాతీయ శ్మశానంలో వెతకడం అన్నిటికంటే తేలిక. కేంద్ర ప్రభుత్వ మాజీ సైనికుల శాఖ సైటులో పేరు వేస్తే సెక్షను, సమాధి సంఖ్య వస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్, ఆయన సహచరులు స్ప్రూయెన్స్, టర్నర్, లాక్‌వుడ్ ముందే అనుకుని పక్కపక్కనే ఖననమయ్యారు. నలుగురికీ మామూలు సిపాయికి పెట్టే తెల్లరాయే. మాస్కోనీని చంపిన డాన్ వైట్ కూడా సైన్యంలో పనిచేసినవాడు కనుక ఈ శ్మశానంలోనే ఉన్నాడు. హతుడు, హంతకుడు ఒకే కౌంటీలో, కొద్ది మైళ్ల దూరంలో.

7. రాయిని చదవండి, ముట్టకండి

అరిగిన అక్షరాలు కనిపించకపోతే ఫోను టార్చిని రాయికి పక్కనుంచి, ఏటవాలుగా పట్టండి; గుంటల్లో నీడపడి అక్షరాలు తేలతాయి. పిండి, సుద్ద, షేవింగ్ నురగ పూయడం, బ్రష్‌తో రుద్దడం పాత పాలరాతిని పాడుచేస్తాయి. యూదుల సమాధుల మీద పెట్టిన గులకరాళ్లను తీయకండి, అవి వచ్చినవారు ఆచారంగా ఉంచినవి. శవయాత్ర ఎదురైతే కారును పక్కకు ఆపి దారి ఇవ్వండి. కొత్త సమాధుల దగ్గర ఫోటోలు వద్దు.

8. చూసినది నమోదు చేయండి

ఫోటో మూడు రకాలుగా తీయండి: రాయి దగ్గరగా, పక్క సమాధులతో కలిపి, దారి కనిపించేలా దూరం నుంచి. ఇంటికి వచ్చిన రోజే సెక్షను సంఖ్య, గుర్తుపట్టడానికి దగ్గరున్న చెట్టు లేదా మందిరం రాసుకోండి. ఆన్‌లైన్‌లో ఉన్న వివరం తప్పని తేలితే, ఆ పేజీ నిర్వహించేవారికి ఆధారంతో సవరణ పంపండి. తరలింపు సంవత్సరం, పాత శ్మశానం పేరు చేర్చితే తర్వాత వెతికేవారికి అదే పెద్ద సాయం.