ఆన్‌లైన్ స్టోర్ కార్ట్‌లో గిఫ్ట్ సర్టిఫికెట్లు ఎలా పెట్టాలి?

మీ ఆన్‌లైన్ స్టోర్‌లో గిఫ్ట్ సర్టిఫికెట్లు మొదలుపెట్టాలనుకుంటున్నారా? సెట్టింగుల జోలికి వెళ్లే ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కూపన్ అంటే మీరిచ్చే తగ్గింపు. గిఫ్ట్ సర్టిఫికెట్ అంటే ఎవరో మీకు ముందే కట్టేసిన డబ్బు. కార్ట్‌లో రెండింటికీ కోడ్ కొట్టే పెట్టె ఒకేలా ఉంటుంది కాబట్టి చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. లెక్కలు తప్పేది అక్కడే.

1. అమ్మకం

సర్టిఫికెట్‌ను మిగతా వస్తువుల్లాగే కార్ట్‌లో వేసుకోనివ్వండి. కానీ దానిమీద కూపన్ పనిచేయకూడదు. 1000 విలువైన సర్టిఫికెట్‌ను కూపన్‌తో 900కి కొని, వాడేటప్పుడు ఇంకో కూపన్ తగిలిస్తే రెండు దెబ్బలూ మీకే. ఒక సర్టిఫికెట్‌తో మరో సర్టిఫికెట్ కొనడం కూడా ఆపండి, గడువు దాటబోతున్నదాన్ని కొత్తదిగా మార్చుకునే దారి అది. అందుకునేవారి ఈమెయిల్ రెండుసార్లు టైప్ చేయించండి. డబ్బు మీకు చేరిందని తేలాకే కోడ్ పంపండి.

అలా వచ్చిన డబ్బును ఆ రోజు ఆదాయంలో కలిపేయకండి. వస్తువు ఇచ్చేదాకా అది మీరు తీర్చాల్సిన బాకీ. ఖాతాలో అలాగే రాయాలి.

2. కోడ్

వరుస నంబర్లు వద్దు. ఒక కోడ్ తెలిసినవాళ్లు పక్క కోడ్ ఊహించేస్తారు. 16 అక్షరాలు, అంకెలు కలగలిపి, ఏ వరుసా లేకుండా సిస్టమ్ చేతే తయారుచేయించండి. సున్నాకీ ఇంగ్లిష్ O అక్షరానికీ, ఒకటికీ I అక్షరానికీ తేడా తెలియక జనం తికమకపడతారు, వాటిని అసలు వాడకండి. తప్పు కోడ్‌లు ఐదారుసార్లు వరసగా కొడితే కాసేపు ఆ పెట్టె పనిచేయకుండా చేయండి.

నేను చూసిన ఒక స్టోర్‌లో ఒకావిడ మూడు రోజులపాటు ఒకే కోడ్ కొట్టి చూశారు. ప్రతిసారీ ‘ఈ కోడ్ చెల్లదు’ అనే వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, మెయిల్‌లోంచి కాపీ చేసినప్పుడు కోడ్ చివర ఒక ఖాళీ కూడా అంటుకొచ్చింది. అది కంటికి కనపడేది కాదు. చెల్లెలు పుట్టినరోజుకు పంపిన బహుమతి ఉత్తదేమోనని ఆవిడ ఎంత ఇబ్బందిపడి ఉంటారో! అందుకే ముందూ వెనకా ఉన్న ఖాళీలు, మధ్యలో గీతలు, చిన్న పెద్ద అక్షరాల తేడాలు సిస్టమే సరిచేసుకోవాలి. ఆ పని కస్టమర్‌ మీద పెట్టకూడదు.

3. లెక్క వరుస

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. వరుస ఇది: వస్తువుల ధర, అందులోంచి కూపన్ తగ్గింపు, మిగిలినదాని మీద పన్ను, ఆపైన డెలివరీ ఛార్జీ, చిట్టచివర గిఫ్ట్ సర్టిఫికెట్.

ఉదాహరణకు వస్తువులు 1000. కూపన్ పది శాతం, అంటే 900. పన్ను పది శాతం అనుకుంటే 90. డెలివరీ 60. మొత్తం 1050. సర్టిఫికెట్‌లో 800 ఉంటే కస్టమర్ కార్డుతో కట్టాల్సింది 250.

అదే సర్టిఫికెట్‌ను కూపన్‌లా పన్నుకు ముందే తీసేశారనుకోండి. 900లోంచి 800 పోతే 100, పన్ను 10, డెలివరీ 60, మొత్తం 170. కస్టమర్ 80 తక్కువ కట్టారు, ఆ 80 పూర్తిగా పన్నే. రేపు లెక్క చూపించాల్సి వస్తే మీ జేబులోంచి పోతుంది.

4. బ్యాలెన్స్ ఎప్పుడు తగ్గించాలి?

కోడ్ కొట్టగానే కాదు. కార్ట్‌లో వస్తువులు వేసి వదిలేసి వెళ్లేవాళ్లు ఎంతోమంది. కోడ్ కొట్టినప్పుడు బ్యాలెన్స్ చూపించి ఊరుకోండి. ఆర్డర్ పెట్టే క్షణంలో మళ్లీ చూడండి, ఎందుకంటే అదే కోడ్‌ను ఇంకొకరు ఇంకో ఫోన్లో అప్పుడే వాడేసి ఉండొచ్చు. చూడటం, తగ్గించడం రెండూ ఒకే దెబ్బలో జరగాలి, మధ్యలో సందు ఉండకూడదు. ఆ తర్వాత కార్డు పేమెంట్ ఫెయిలైతే తగ్గించిన మొత్తం వెంటనే తిరిగి చేరాలి.

మిగిలిన బ్యాలెన్స్ ఎంతో ఆర్డర్ మెయిల్‌లో రాయండి.

5. రీఫండ్

డబ్బు వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి. పై ఆర్డర్ మొత్తం రద్దయితే 800 సర్టిఫికెట్‌కి, 250 కార్డుకి. మొత్తం కార్డుకే వేస్తే, దొంగిలించిన కోడ్‌లను నగదుగా మార్చుకునేవాళ్లకు మీరే తలుపు తీసినట్టు.

6. గడువు

దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. అమెరికాలో 2009లో వచ్చిన చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులకు సాధారణంగా కనీసం 5 ఏళ్లు, ఆస్ట్రేలియాలో 2019 నవంబరు నుంచి కనీసం 3 ఏళ్లు గడువు ఇవ్వాలి. గడువు ఉంటే కోడ్ పక్కనే తేదీ వేయండి.

చివరగా, బిల్లు కంటే సర్టిఫికెట్ విలువ ఎక్కువ ఉన్న ఆర్డర్ ఒకటి మీరే పెట్టి చూడండి. కట్టాల్సింది సున్నా అయినా కార్డు నంబర్ అడిగే స్టోర్లు ఉన్నాయి. సున్నా వస్తే పేమెంట్ పేజీ దాటించి నేరుగా ఆర్డర్ ఖాయం చేసేలా మార్చాకే అమ్మకం మొదలుపెట్టండి.