చిల్లులో చిన్న మగ్గం

నాన్నగారి పొందూరు ఖద్దరు లాల్చీ ఒకటి నా దగ్గర ఉంది. కుడి మోచేతి దగ్గర వేలితో తడిమితే రూపాయి బిళ్ళంత చోట గుడ్డ కాస్త మందంగా తగులుతుంది. కంటికి చటుక్కున తెలియదు. ముప్పై ఏళ్ల కిందట మా అమ్మ రఫ్ఫు చేసిన చోటు అది. చుట్టుపక్కల గుడ్డంతా పలచబడింది గానీ అమ్మ నేసిన ముక్క ఇంకా గట్టిగానే ఉంది.

నేసిన అని తెలిసే రాస్తున్నాను. చిల్లు పడిన చోట పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డం పోగులూ, రెండూ తెగిపోయి ఉంటాయి. వాటిని సూదితో మళ్లీ వేసుకోవడమే రఫ్ఫు. పదిహేనేళ్ల వయసులో నాకిది తెలియక, ఓణీకి పడిన చిల్లు చుట్టూ దారం పోనిచ్చి సంచి మూతిలా లాగి ముడి వేశాను. రెండు ఉతుకులకే ఆ ముడి చుట్టూ గుడ్డ చిరిగి చిల్లు మూడింతలైంది. లేని గుడ్డను పక్క గుడ్డలోంచి లాక్కుంటే ఆ పక్కది తెగక ఏమవుతుంది? ఆ రోజు అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కొబ్బరి చిప్ప తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

కొబ్బరి చిప్ప దేనికంటే, గుడ్డ కింద గుండ్రంగా, నున్నగా ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే సూది వెనక పొరలోకి దిగి చొక్కా ముందూ వెనకా కలిసిపోతాయి. పీచు తీసి బాగా గీకిన చిప్పను బోర్లించి వాడతాను. కాలిపోయిన పాత బల్బు మేజోళ్లకు చక్కగా సరిపోతుంది. చిప్ప మీద గుడ్డను ముడత లేకుండా పరిస్తే చాలు, బిగదీయకూడదు. బిగదీసి కుడితే, చిప్ప తీసేశాక కుట్టిన చోటు ఉబ్బుగా నిలబడిపోతుంది.

మొదట బట్టను ఉతికి ఆరేయండి. ఉతికితే ఊడాల్సిన పోగులు ఊడి చిల్లు అసలు కొలత తెలుస్తుంది. ఊలు బట్ట అయితే ఇది మరీ ముఖ్యం. ఊలును, పట్టును తినేది ఎగిరే చిన్న పురుగు కాదు, దాని పిల్ల. కుట్ల సందుల్లో గుడ్లు మిగిలి ఉంటే మీరు బాగుచేసిన పక్కనే మరో చిల్లు పడుతుంది. సందులన్నీ బ్రష్‌తో దులిపి ఎండలో వేయండి. నూలు బట్టల జోలికి ఈ పురుగు సాధారణంగా రాదు. వాటికి గంజి తినే వెండి పురుగు వేరే ఉంది. అందుకే దాచిపెట్టే నూలు చీరలకు నేను గంజి పెట్టను.

దారం విషయంలో తొందర వద్దు. అంగట్లో దొరికే కుట్టుదారం పురి ఎక్కువ తిరిగి గట్టిగా ఉంటుంది, మెత్తటి నూలు గుడ్డలో అది కోసుకుపోతుంది. ఆ బట్టలోంచే పోగు తీసుకోవడం అన్నిటికన్నా మేలు. చొక్కాకు లోపలి కుట్టు దగ్గర, కింది మడతలో మిగులు గుడ్డ ఉంటుంది. చీరకైతే లోపలికి దోపుకునే చివర ఉంది. పోగును తెగకుండా మెల్లగా లాగితే రంగూ మందమూ రెండూ కలుస్తాయి, అది మీ బట్టతోపాటే వెలిసిన పోగు కదా. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి చేత్తో వడుకుతారు. అక్కడి పోగు ఒకచోట సన్నంగా, ఒకచోట మరికాస్త లావుగా వస్తుంది. నాన్నగారి లాల్చీలో రఫ్ఫు కలిసిపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. మిల్లు గుడ్డ మీద ఇంత దయ ఉండదు.

దారం మూరకు మించి వద్దు, పొడవైతే రాసుకుని పీచు రేగుతుంది. నూలుకు సన్నటి సూది, అంటే నంబరు పెద్దది. ఊలుకు మొన మొద్దుగా, బెజ్జం పెద్దదిగా ఉన్న సూది. కొసన ముడి వేయకండి. ముడి ఒంటికి గుచ్చుకుంటుంది, ఇస్త్రీకి పైకి తేలుతుంది. రెండు వేళ్ల వెడల్పు దారం వదిలేస్తే చివర్లో దాన్ని లోపలి వైపు దూర్చేయవచ్చు.

ఇక పడుగు. చిల్లు అంచున మొదలుపెట్టకండి, అక్కడి గుడ్డ అప్పటికే బలహీనం. అర అంగుళం దూరంగా, గట్టి గుడ్డలో మొదలుపెట్టండి. గుడ్డ పోగు ఎటు నడుస్తోందో అటే, ఒక పోగు పైకి ఒక పోగు కిందికి సన్నని కుట్లు వేస్తూ చిల్లు దాకా రండి. చిల్లు మీదుగా దారాన్ని వంతెనలా దాటించి అవతలి గట్టి గుడ్డలో మళ్లీ అర అంగుళం వెళ్లండి. అక్కడ వెనక్కి తిరిగేటప్పుడు దారాన్ని పూర్తిగా లాగేయకుండా ఆవగింజంత వంపు వదలండి. కొత్త దారం ఉతికితే కుంచించుకుపోతుంది, అప్పుడు ఈ వంపు దానికి అందివస్తుంది.

అన్ని వరసలూ ఒకే గీత మీద ఆపకూడదని అమ్మ పదేపదే చెప్పేది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, అలా ఎగుడుదిగుడుగా ఉండాలి. ఒకే గీత మీద ఆగితే లాగుడంతా ఆ గీత మీదే పడి, రఫ్ఫు ముక్క చుట్టూ చతురస్రంగా చిరిగి ఊడి వస్తుంది. నేను చూసిన చెడిపోయిన రఫ్ఫుల్లో సగానికి పైగా ఇలా చెడినవే.

పడుగు నిండాక చిప్పను పావు వంతు తిప్పి పేక మొదలుపెట్టండి. మగ్గంలో పేక దారాన్ని అటూ ఇటూ మోసేది నాడె, ఇక్కడ సూదే నాడె. ఒక పోగు పైనుంచి, పక్కది కిందనుంచి. తర్వాతి వరసలో కిందది పైన, పైది కింద. చిల్లు అంచు దగ్గరికి వచ్చినప్పుడు పాత గుడ్డ అంచునూ ఈ లెక్కలోనే కలుపుకోవాలి, లేకపోతే లోపలి వైపు అంచు విడిగా వేలాడుతుంది. ప్రతి రెండు వరసలకూ సూది మొనతో పోగులను పక్కకు దువ్వి దగ్గర చేయండి. గోరంత చిల్లుకు నాకు ముప్పావు గంట పడుతుంది. వెలుతురు ఎడమ భుజం మీదుగా పడేలా, పగటిపూటే కూర్చుంటాను.

మేకుకు తగిలి మూలగా చిరిగిన గుడ్డలో పోగులు పోవు, తెగుతాయంతే. రెండు అంచులనూ పక్కపక్కన చేర్చి వదులుగా తాత్కాలిక కుట్టు వేసి, రెండు చీలికల మీదా అడ్డంగా కుట్లు నడపండి. మూల దగ్గర రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి వస్తాయి. రావాలి కూడా, బలం కావలసింది అక్కడే.

స్వెటర్ దారి వేరు. అందులో పడుగూ పేకా ఉండవు, ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకుని ఉంటుంది. ఒక ఉచ్చు విడిపోతే కింది ఉచ్చు, దాని కిందిది, నిచ్చెన మెట్లలా జారిపోతాయి. పాడేరులో టీచరుగా పనిచేసిన రోజుల్లో అమ్మ నాకు అల్లి పంపిన బూడిద రంగు స్వెటర్‌కు భుజం దగ్గర ఇలాగే జరిగింది. నేను ముందు చేసిన పని, వేరే రంగు దారంతో విడిపోయిన ఉచ్చులన్నిటినీ గుచ్చి పట్టుకోవడం. అంచు చింపిరిగా ఉందని కత్తెర పెట్టకండి, ఒక్క కత్తిరింపుతో మరో నాలుగు ఉచ్చులు విడిపోతాయి. తర్వాత పైన చెప్పినట్టే నేయవచ్చు గానీ దారం వదులుగా ఉండాలి, ప్రతి ఉచ్చులోంచీ దారం వెళ్లి తీరాలి. నేసిన ముక్క అల్లికలా సాగదు కాబట్టి బిగిస్తే చుట్టూ ముడతలు పడతాయి.

మోచేయి ఇంకా చిల్లు పడకుండా పలచబడే ఉంటే అదే మంచి సమయం. అల్లికలో కనిపించే ప్రతి చిన్న వంపు మీదా అదే దారి పట్టి కొత్త ఊలు నడపండి. సూది వంపు మొదట్లో పైకి వచ్చి, పై వంపు రెండు కాళ్ల వెనకగా దాటి, వచ్చిన చోటికే తిరిగి దిగుతుంది. అల్లిక అల్లికలాగే ఉంటుంది, సాగుతుంది కూడా.

మడత మీద చిట్లిన పాత పట్టుచీరకు మాత్రం రఫ్ఫు చేయవద్దు. పోగే పెళుసెక్కింది, కొత్త దారం దాన్ని కోసేస్తుంది. వెనక పలచటి మెత్తని గుడ్డ ఆనించి ఆ చోటును దానికి కుట్టండి. జరీ చీరలూ ఖరీదైన ఊలు కోట్లూ అయితే రఫూగర్ దగ్గరికి తీసుకెళ్లండి. మనం రఫ్ఫు అంటున్న మాట వాళ్ల రఫూ నుంచి వచ్చిందే. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్లు కశ్మీరు శాలువాలు బాగుచేయడంలో పేరుపడ్డవాళ్లు.

పని అయ్యాక తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెను ఆనించి ఎత్తండి, ఈడ్చకండి. ఆవిరికి పోగులు సర్దుకుంటాయి. ఆ తర్వాతే వెనక వదిలిన దారపు కొసలు దూర్చి, మిగిలింది కత్తిరించండి.