క్రిస్మస్ చెట్టు అలంకారాలు: కటింగ్ మెషిన్ మొరాయిస్తే ముందు కాగితాన్ని పట్టి చూడండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో క్రిస్మస్ అలంకారాలు చేసుకునే రోజులు, ఈశాన్య రుతుపవనాల రోజులు ఒకటే. నెల్లూరుకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఇళ్లలో నక్షత్రాలు కోయడం మొదలయ్యే వారమది. క్రికట్, సిల్హౌట్ లాంటివి కంప్యూటర్‌లో గీసిన బొమ్మను కాగితం మీద బ్లేడుతో కోసే మెషిన్లు. వాటికి వచ్చే వీడియోలు చాలావరకు పొడి గదుల్లో తీసినవి. వాళ్ల సెట్టింగులు మన తడి గాలిలో అలాగే పనిచేయవు. అందుకే బ్లేడు మార్చే ముందు, మెషిన్ పాడైందని టెన్షన్ పడే ముందు, కాగితం సంగతి చూడండి.

అంచులు పీచులా లేస్తున్నాయి, నక్షత్రం మొనలు నలుగుతున్నాయి

వాన రోజుల్లో బయట పెట్టిన అప్పడం మెత్తబడ్డట్టే కార్డ్‌స్టాక్ (అలంకారాలకు వాడే మందపాటి కాగితం) కూడా తేమ పీల్చి మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడు దాన్ని కోయదు, లాగుతుంది. ముందుగా దెబ్బతినేవి మొనలు, ఎందుకంటే బ్లేడు దిశ మార్చుకునేది అక్కడే. షీటు మూలను చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి. పొడి కార్డు టపటపమంటుంది, తేమ పట్టింది శబ్దం లేకుండా వంగుతుంది.

ఇక్కడ చాలామంది బ్లేడు ప్రెషర్ పెంచుతారు. అది తప్పు దారి. మెత్తటి కాగితం ఇంకా చిరుగుతుంది, మ్యాట్ (కాగితాన్ని అంటించి మెషిన్‌లో పెట్టే జిగురు పలక) మీద గాట్లు పడతాయి. కాగితాన్ని ఆరబెట్టడమే మందు. ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో పెట్టి, ఆవిరి లేకుండా, పైన తెల్ల కాగితం కప్పి రెండు వైపులా మెల్లగా రుద్దండి. గ్లిటర్ షీటుకు మాత్రం ఇస్త్రీ వద్దు, జిగురు కరుగుతుంది. దాన్ని ఏసీ గదిలో ఒక పూట బరువు కింద ఉంచితే చాలు.

కొత్త షీట్లు కొన్న రోజే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టేయండి. నీలం గుళ్లు గులాబీ రంగుకు మారితే వాటి పని అయిపోయినట్టు. వేడి చేసి ఆరబెడితే మళ్లీ నీలమవుతాయి. కోయడానికి అప్పటికి కావలసిన షీట్లే బయటికి తీయండి. కట్ట మొత్తం బల్ల మీద పరిస్తే పని సగంలో ఉండగానే చివరి షీట్లు మెత్తబడతాయి.

కాగితం పొడిగానే ఉంది, అయినా పూర్తిగా తెగడం లేదు

మెషిన్ సాఫ్ట్‌వేర్‌లో కార్డ్‌స్టాక్ బరువు తరచు పౌండ్లలో ఉంటుంది, మన స్టేషనరీ షాపుల్లో జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు. గొడవంతా అక్కడే. కార్డ్‌స్టాక్ లెక్కలో 65 పౌండ్లంటే సుమారు 176 జీఎస్ఎం, 80 పౌండ్లంటే 216, 110 పౌండ్లంటే దగ్గర దగ్గర 300. విజిటింగ్ కార్డులకు వాడే 300 జీఎస్ఎం కార్డు తెచ్చి 'మీడియం కార్డ్‌స్టాక్' అని ఎంచుకుంటే సగమే తెగుతుంది. కొనేటప్పుడే జీఎస్ఎం అడిగి, షీటు వెనక పెన్సిల్‌తో రాసుకోండి.

సెట్టింగు సరిగ్గా ఉన్నా తెగకపోతే బ్లేడు మొనకు కాగితం నూగు పట్టి ఉంటుంది. అల్యూమినియం ఫాయిల్‌ను గట్టి ఉండగా చుట్టి, బ్లేడు మొనను అందులో కొన్నిసార్లు గుచ్చి తీయండి. దీంతో నూగు పోతుందే గానీ పదును రాదు. మొండిబారిన బ్లేడును మార్చాల్సిందే. గ్లిటర్ షీట్లకు, మామూలు కార్డుకు వేరు వేరు బ్లేడ్లు ఉంచుకోవడం మంచిది. గ్లిటర్ పదును తినేస్తుంది.

కాగితం మ్యాట్ మీద జరుగుతోంది, లేదా ఊడి రావడం లేదు

జరుగుతుంటే మ్యాట్‌కు దుమ్ము పట్టిందని అర్థం. గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు కలిపి మెత్తటి స్పాంజితో కడిగి, నీడలో గాలికి ఆరనివ్వండి. వాన రోజుల్లో ఆరడానికి చాలా సేపు పడుతుంది కాబట్టి ముందు రాత్రే కడగండి.

ఊడి రాకపోతే కాగితాన్ని పైకి లాగవద్దు. మ్యాట్‌ను బోర్లా తిప్పి, కాగితం బల్ల మీద ఆనేలా పట్టుకుని, మ్యాట్‌నే వెనక్కి వంచుతూ తీయండి. కాగితాన్ని లాగితే నక్షత్రాలు చుట్టలు చుట్టుకుపోతాయి. పల్చటి కాగితానికి క్రికట్‌లో ఆకుపచ్చ మ్యాట్ కంటే నీలం మ్యాట్ నయం, దాని జిగురు తక్కువ.

గీత మొదలైన చోటికి తిరిగి కలవడం లేదు

బ్లేడు బిగింపు వదులైనా, కాగితం అంచు లేచి రోలర్‌కు తగులుతున్నా ఇలా అవుతుంది. బిగించండి, అంచులకు మాస్కింగ్ టేప్ వేయండి. ఫోమ్ షీటు మీద చక్రాల గుర్తులు పడుతుంటే, క్రికట్ మేకర్‌లో ఆ తెల్ల చక్రాలను కుడి పక్కకు జరపవచ్చు.

తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి, వత్తులు రాలిపోతున్నాయి

దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను, వీడియోల్లో అంతగా దొరకదు గనుక. ఒంగోలులో అయినా కావలిలో అయినా మన చెట్టుకు 'యేసు', 'క్రీస్తు', 'సమాధానం' అని మన లిపిలో వేలాడితేనే అందం. కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది టైపింగు. కొన్ని కటింగ్ సాఫ్ట్‌వేర్లు తెలుగు అక్షరాలను కలపలేవు. 'క్రీస్తు' అని కొడితే పొల్లు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. మాటను అక్కడ టైప్ చేయకుండా ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేయండి. రామభద్ర లాంటి లావు అక్షరాల ఫాంట్ తీసుకుని, 'ఆబ్జెక్ట్ టు పాత్' చేసి (అక్షరాలు గీతలుగా మారతాయి), గ్రూపు విడదీసి, 'యూనియన్' చేసి (అన్నీ ఒకే ఆకారంగా కలుస్తాయి), కటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగల ఎస్‌వీజీ ఫైలుగా దాచుకోండి. యూనియన్ చేయకపోతే అక్షరాలు ఒకదానిపై ఒకటి ఎక్కిన చోట లోపలి గీతలు కూడా తెగుతాయి.

రెండోది మన లిపి తీరు. 'క్రీస్తు'లో స కింద త వత్తు విడిగా ఉంటుంది. 'సమాధానం'లో చివరి సున్న ఏ అక్షరాన్నీ తాకదు. కోశాక ఇవి చేతిలోకి రాలిపడతాయి. యూనియన్ చేసే ముందే వత్తును పైకి జరిపి, అక్షరంలోకి ఒక మిల్లీమీటరు చొచ్చుకుపోయేలా పెట్టండి. సున్నను పక్క అక్షరానికి ఆనించండి. అలా చేస్తే అక్షరం అందం చెడుతుందనుకుంటే మాట చుట్టూ ఒక వలయం గీసి, పైన తలకట్లు, కింద వత్తులు దానికి తగిలేలా కూర్చండి. వేలాడదీసే దారం కూడా ఆ వలయానికే కట్టవచ్చు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

సన్నని భాగాలన్నిటికీ ఇదే జాగ్రత్త. పశువుల పాక బొమ్మలో ఒంగోలు గిత్తను పెట్టేవాళ్లకు కొమ్ములు ఇబ్బంది పెట్టవు, అవి పొట్టివే. తెగేది తోక. మూడంగుళాల బొమ్మలో ఏ భాగమూ రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. తోకను వెనక కాలికి ఆనించి గీస్తే నిలుస్తుంది.

వేలాడదీస్తే పక్కకు ఒరుగుతోంది, కొమ్మ కిందికి వాలుతోంది

సాఫ్ట్‌వేర్ చూపే మధ్య బిందువు బొమ్మ వెడల్పుకు మధ్యే గానీ బరువుకు మధ్య కాదు. గిత్త బొమ్మకు మూపురం వైపు బరువు ఎక్కువ. ముందు ఒకటి కోసి, పై అంచు దగ్గర గుండుసూదితో గుచ్చి పట్టుకుని, నిటారుగా వేలాడే చోటు చూసి ఫైలులో చిల్లు అక్కడికి మార్చండి. చిల్లుకీ అంచుకీ మధ్య మూడు మిల్లీమీటర్లైనా వదలాలి.

తీరం వెంబడి ఊళ్లలో సరుగుడు కొమ్మనే చెట్టుగా నిలబెట్టే ఇళ్లున్నాయి. దాని ఆకుపుల్లలు సన్నవి, బరువు మోయవు. ఫోమ్ ముక్కలు పెట్టి రెండు మూడు పొరలు అంటించిన నక్షత్రం వద్దు. 200 జీఎస్ఎం ఒంటి పొర చాలు, దారంతో గట్టి రెమ్మకు కట్టండి.

గాడుల్లో దూర్చే నక్షత్రం బిగుసుకుపోతోంది

గాడి వెడల్పు కార్డు మందం కంటే పిసరంత ఎక్కువ ఉండాలి. తేమకు కార్డు ఉబ్బుతుంది కాబట్టి, ఎండాకాలంలో సరిపోయిన ఫైలు డిసెంబరులో సరిపోకపోవచ్చు. ఒక్క జత కోసి దూర్చి చూశాకే మిగతావి కోయండి.

బంతి మీద వినైల్ స్టిక్కర్ లేస్తోంది

బంతి మీద చేతి జిడ్డో, కంటికి కనిపించని నీటి పొరో ఉంటుంది. గాజు బంతిని సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. అక్రిలిక్ బంతిని స్పిరిట్ పగుళ్లు బారేలా చేయవచ్చు, దానికి సబ్బు నీళ్లు, పొడి గుడ్డ చాలు. పొడవాటి మాటను ఒకే ముక్కగా అంటిస్తే వంపు దగ్గర ముడతలు పడతాయి. ట్రాన్స్‌ఫర్ టేపుకు (స్టిక్కర్‌ను ఎత్తి బంతి మీద పెట్టడానికి పైన అంటించే టేపు) అంచుల్లో అక్కడక్కడా గాట్లు పెట్టి, మధ్య నుంచి బయటికి నొక్కుతూ రండి.

కోత మధ్యలో కరెంటు పోయింది

గాలివాన రోజుల్లో ఇది తప్పదు. ఇన్వర్టర్ ఉంటే మెషిన్‌తో పాటు కంప్యూటర్‌నూ దానికే కలపండి. లేకపోతే ఒక మ్యాట్‌కు నాలుగైదు బొమ్మలే పెట్టండి. కరెంటు వచ్చాక మెషిన్ ఆగిన చోటి నుంచి అందుకోదు, మళ్లీ మొదటికి వెళుతుంది. పాత గీతల మీదే మళ్లీ కోయిస్తే అంచు రెండుగా చీలుతుంది. పూర్తిగా తెగిన బొమ్మలను తెర మీద దాచేసి, మిగిలిన వాటిని కాగితంలో కోత పడని భాగానికి జరిపి కోయించండి.