వాషర్ డబ్బాను వేరే చోటికి మార్చాక అద్దం మీద నీళ్ళు సరిగా పడకపోతే

బానెట్ కింద రెండో బ్యాటరీకో, పెద్ద ఎయిర్ ఫిల్టరుకో చోటు కావలసి వచ్చినప్పుడు మెకానిక్ చేయి ముందుగా వెళ్ళేది వాషర్ డబ్బా (అద్దం కడిగే నీళ్ళుండే డబ్బా) మీదికే. రెండు మూడు బోల్టులు, ఒక పైపు, ఒక కనెక్టరు విప్పితే అది చేతికి వచ్చేస్తుంది కాబట్టి, దాన్ని తీసి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ బిగించడం మామూలైపోయింది. అయితే డబ్బాలో నీటిమట్టానికీ, అద్దం మీద నీళ్ళు చిమ్మే నాజిల్‌కూ మధ్య ఎత్తు, పైపు పొడవు, డబ్బాలోకి గాలి వెళ్ళే దారి అనే మూడూ ఒక లెక్క ప్రకారం అమర్చి ఉంటాయి. డబ్బా జరిగితే ఆ మూడూ మారతాయి. జరిపిన తర్వాత వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వీటి వల్ల వచ్చేవే అయినా, నింద మాత్రం ఆ నీటిని నెట్టే మోటారు మీద పడుతుంది. కొత్త మోటారు కొనే ముందు ఒక టేపు తీసుకొని ఎత్తు కొలవమని నేను గట్టిగా చెబుతాను.

మన వైపు ఇది చిన్న విషయం కాదు. హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే దారిలో గ్రానైట్ లారీల దుమ్ము, భూపాలపల్లి వైపు బొగ్గు, ఇసుక లారీల బురద అద్దం మీద పడినప్పుడు నీళ్ళు లేకుండా వైపర్ తిప్పితే ఎదురుగా ఏమీ కనిపించదు సరికదా, అద్దం మీద శాశ్వతంగా గీతలు కూడా పడతాయి.

లివరు లాగిన మూడు నాలుగు సెకన్లకు గానీ నీళ్ళు రావడం లేదు

నా జీపులో ఎదురైన ఇబ్బంది ఇదే. రెండో బ్యాటరీ పెట్టించి, డబ్బాను ఎడమవైపు ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలి ఖాళీలోకి దింపించాను. ఒక వానాకాలపు ఉదయం ములుగు రోడ్డులో గూడెప్పాడ్ దాటాక, ముందు పోతున్న ఇసుక లారీ చక్రం నుంచి బురద ఎగిరి అద్దం నిండా పడింది. లివరు లాగితే వైపర్లు కదిలాయి కానీ నీళ్ళు రాలేదు. ఆ బురద అద్దమంతా పరుచుకొని, నీళ్ళు వచ్చేలోపు బండి ఎంతో దూరం పోయింది. మోటారు మార్పించినా అదే వరుస. చివరికి బానెట్ ఎత్తి, నాజిల్ దగ్గరి పారదర్శకమైన పైపును చూస్తూ ఇంకొకరితో లివరు లాగించాను. నీరు పైకి వచ్చి అద్దం మీద పడింది. లివరు వదలగానే పైపులోని నీటి చివర నెమ్మదిగా వెనక్కి జారి, వంపు దాటి, ఫెండర్ లోపలికి కనిపించకుండా పోయింది. కారణం అప్పుడు అర్థమైంది.

డబ్బా నాజిల్ కంటే బాగా కిందికి వెళితే, ప్రతిసారీ పైపులోని నీరు తిరిగి డబ్బాలోకి దిగిపోతుంది. లోపలి వ్యాసం 4 మి.మీ. ఉన్న పైపులో మీటరుకు సుమారు 12.5 మి.లీ. నీరు పడుతుంది కాబట్టి, రెండు మీటర్ల పైపు ఖాళీ అయితే మళ్ళీ 25 మి.లీ. నిండేదాకా అద్దం మీద చుక్క పడదు. 5 మి.మీ. పైపు వాడితే మీటరుకు దాదాపు 20 మి.లీ. అవుతుంది. ధార పెరుగుతుందని లావు పైపు వేయించుకొనేవారికి ఆలస్యం పెరగడానికి కారణం ఇదే.

పరిష్కారం నాజిల్‌కు వీలైనంత దగ్గరగా ఒక నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని ఒకేవైపు పోనిచ్చేది) బిగించడం. వాల్వ్ మీద ఉన్న బాణం గుర్తు నాజిల్ వైపు ఉండాలి. చేపల తొట్టె సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే చిన్న వాల్వ్ కూడా ఈ పనికి సరిపోతుంది. దాన్ని డబ్బా దగ్గర బిగించడం కంటే నాజిల్ దగ్గర బిగించడమే మేలు, ఎందుకంటే మధ్యలో ఏ జాయింటు నుంచైనా గాలి చొరబడినా నాజిల్ వైపు పైపు నిండే ఉంటుంది.

లివరు వదిలాక కూడా నాజిల్ నుంచి నీళ్ళు కారుతున్నాయి

ఇది పై ఇబ్బందికి సరిగ్గా తిరగబడిన రూపం. డబ్బాను క్యాబిన్ వెనక భాగంలోనో, డిక్కీలోనో ఎత్తుగా పెట్టినప్పుడు నీటిమట్టం బానెట్ మీది నాజిల్ కంటే పైన ఉంటుంది. ఒకసారి పైపు నిండిందంటే మోటారు ఆగినా నీరు తన బరువుతోనే దిగుతూ ఉంటుంది. రాత్రి నింపిన డబ్బా పొద్దునకు సగమై, అద్దం కింది అంచున తెల్లటి చారలు కనిపిస్తే కారణం ఇదే అనుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. చేపల తొట్టె వాల్వ్ నీటిని వెనక్కి పోకుండా ఆపుతుందే తప్ప, ముందుకు పోయే నీటిని ఆపదు. అతి తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటుంది. కారడం ఆగాలంటే లోపల స్ప్రింగు ఉండి, మోటారు ఒత్తిడి తగిలితే తప్ప తెరుచుకోని రకం కావాలి. అంతకంటే నమ్మకమైన పరిష్కారం డబ్బాను కిందికి దించడమే. నిండు డబ్బాలో నీటిమట్టం నాజిల్ కంటే కొంచెమైనా దిగువన ఉండేలా చూసుకుంటే ఈ బాధ ఉండదు. కొలిచేటప్పుడు డబ్బా అడుగును కాదు, మూత దగ్గరి నిండు గీతను లెక్కలోకి తీసుకోవాలి.

మోటారు తిరుగుతున్న శబ్దం వస్తోంది, నీళ్ళు మాత్రం రావు

ఈ మోటార్లు నీటిని నెట్టగలవు కానీ, తమకు పైనుంచి అందకపోతే పీల్చుకోలేవు. కొందరు చోటు చాలక డబ్బాను ఒకచోట, మోటారును ఇంకొకచోట పెడతారు. అప్పుడు మోటారు తప్పనిసరిగా డబ్బా అడుగు కంటే కిందే ఉండాలి. పైన ఉంటే లోపల గాలి నిలిచి, మోటారు ఉత్తినే తిరుగుతుంది. నీరు లేకుండా ఎక్కువసేపు తిరిగితే లోపలి సీలు పాడవుతుంది.

మోటారు సరైన చోటే ఉంటే పైపు మొత్తాన్ని చేత్తో తడుముతూ రావాలి. కంపెనీ పైపు పొడవు చాలక సెలైన్ పైపు అతికించిన బండ్లు నేను చాలా చూశాను. రామగుండం, మంథని వైపు ఎండలు 45 డిగ్రీలు ముట్టే రోజుల్లో బానెట్ కింది వేడికి ఆ మెత్తటి పైపు వంపు దగ్గర చదునుగా మడతపడి మూసుకుపోతుంది. దాని బదులు గట్టి రబ్బరు పైపు వాడి, వంపులను గుండ్రంగా తిప్పి, ఎగ్జాస్ట్ భాగాలకు దూరంగా నడిపించాలి.

ధార బలహీనంగా ఉంది

డబ్బా కిందికి పోవడం వల్లే ధార తగ్గిందని అనుకోవడం సహజమే కానీ, ఎత్తు ఒక మీటరు పెరిగినా పోయేది సుమారు 0.1 బార్ ఒత్తిడి మాత్రమే. కాబట్టి ముందు వేరేవి చూడాలి. పొడిగించిన వైరు సన్నగా ఉంటే మోటారుకు చేరే వోల్టేజి పడిపోతుంది. 0.5 చదరపు మి.మీ. రాగి వైరును మూడు మీటర్లు పొడిగించి, ఎర్తు వైరును కూడా అంతే దూరం తెస్తే, 4 ఆంపియర్ల కరెంటు దగ్గర దాదాపు 0.8 వోల్టులు వైరులోనే పోతాయి, 1.5 చదరపు మి.మీ. వైరుతో అది 0.3 లోపే ఉంటుంది. వోల్టేజి కొలిచే మీటరు పెట్టి చూసేటప్పుడు మోటారు తిరుగుతుండగానే చూడాలి, ఎందుకంటే ఆగి ఉన్నప్పుడు చెడిపోయిన వైరు కూడా పూర్తి వోల్టేజి చూపిస్తుంది.

మొదట బాగా వచ్చి, లాగిన కొద్దీ ధార తగ్గిపోతోంది

మూత విప్పగానే గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చినా, డబ్బా గోడలు లోపలికి సొట్టపోయినా, గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. పాత మూత సరిపడక వేరే బాటిల్ మూత బిగించినప్పుడు ఇలా జరుగుతుంది. మూతకు ఒక మిల్లీమీటరు రంధ్రం వేస్తే చాలు. చక్రానికి దగ్గరలో ఉంటే ఆ రంధ్రం నుంచి బురద పోకుండా, చిన్న పైపు ముక్క తగిలించి దాని చివరను కిందికి వంచాలి.

ముందు అద్దానికి లాగితే వెనక అద్దం మీద పడుతోంది

కొన్ని హ్యాచ్‌బ్యాక్ కార్లలో రెండు అద్దాలకూ ఒకటే మోటారు ఉంటుంది. అది ఒకవైపు తిరిగితే ముందుకు, రెండోవైపు తిరిగితే వెనక్కి నీటిని పంపుతుంది. వైరు పొడిగించినప్పుడు రెండు తీగలూ తారుమారయ్యాయన్నమాట. తీగలను మార్చి కలిపితే సరిపోతుంది.

శబ్దమే లేదు, లేదా ఫ్యూజు మాటిమాటికీ పోతోంది

శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత కొత్తగా కలిపిన ఎర్తు చూడాలి. పెయింటు మీదే ఎర్తు బిగించడం తరచుగా జరిగే తప్పు. ఆ చోట రేకు మెరిసేదాకా గీకాలి. ఫ్యూజు పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం అగ్ని ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే అవుతుంది. వైరు ఏ రేకు అంచుకు రాసుకుందో వెతికి, అక్కడ గ్రోమెట్ (రంధ్రంలో బిగించే రబ్బరు రింగు) వేసి, వైరుకు స్లీవు తొడగాలి. ఈ పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ముందు భాగంలో పసుపు రంగు స్లీవు లేదా కనెక్టరు కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగుకు చెందినది. దాని దగ్గర రంధ్రం వేయకూడదు, దాని బ్రాకెట్టును కదపకూడదు.

డబ్బా కింద తడి కనిపిస్తోంది

మోటారును డబ్బా నుంచి తీసి పెట్టినప్పుడు పాత గ్రోమెట్‌నే వాడితే, గట్టిపడిన ఆ రబ్బరు మళ్ళీ పట్టుకోదు. కొత్తది వేసి, సబ్బు నీటితో తడిపి లోపలికి నెట్టాలి. గ్రీజు, నూనె రాస్తే ఆ రబ్బరు కొన్నాళ్ళకు ఉబ్బి వదులవుతుంది. రెండు లీటర్ల డబ్బా నిండితే నీళ్ళే రెండు కిలోలు కాబట్టి, ఒకే బోల్టు మీద వేలాడదీస్తే గతుకుల రోడ్డులో దాని చెవి పగులుతుంది. కనీసం మూడు చోట్ల ఆధారం, మధ్యలో రబ్బరు ముక్క ఉండాలి.

ఒక నాజిల్ నుంచే వస్తోంది

ఇది చోటు మార్చడం వల్ల నేరుగా వచ్చేది కాదు కానీ, పైపు కోసినప్పుడు రాలిన రబ్బరు తునక నాజిల్‌లో ఇరుక్కొని ఉండవచ్చు. కాబట్టి కొత్త పైపును నాజిల్‌కు తగిలించే ముందు ఒక గిన్నెలోకి నీళ్ళు కొట్టించి కడగాలి. బోరు నీళ్ళు వాడేవారికి సున్నపు పొర కూడా పట్టి ఉంటుంది. వెనిగర్ కలిపిన నీటిలో నాజిల్‌ను గంటసేపు నానబెట్టి, వెనకవైపు నుంచి నీళ్ళు కొట్టాలి. సూది పెట్టి బలంగా పొడిస్తే రంధ్రం పెద్దదై ధార చెదురుతుంది. మిషన్ భగీరథ నీళ్ళో, ప్లాంటు నీళ్ళో పోస్తే ఈ పొర అంత త్వరగా పట్టదు. నింపే మూతి కొత్త చోట రేడియేటర్ డబ్బాకు దగ్గరగా వచ్చినట్లయితే, మూత మీద చెరగని ఇంకుతో 'అద్దం నీళ్ళు' అని రాసి పెట్టండి. సర్వీసు సెంటరులో కొత్తగా చేరిన కుర్రవాడు కూలెంటును దీంట్లో పోస్తే, మళ్ళీ డబ్బా, పైపు, నాజిల్ అన్నీ విప్పి కడగవలసి వస్తుంది.