సీబీడీ నూనె వాడే ముందు సీసా వెనక్కి తిప్పి చదవండి

రాజమండ్రిలో మందుల షాపు నడుపుతున్నాను. సంక్రాంతి వెళ్లిన వారానికి మా వీధి చివరింటి బాబాయ్ గారు ఒక చిన్న సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. ఆయనకి స్టెంట్ వేసి ఎనిమిది నెలలు. "అమ్మాయ్, ఇది గంజాయి మొక్కలోంచి తీసిందట. గుండె నాళాల్లో పూడిక రాకుండా చూస్తుందట. మావాడు ఫోన్‌లో చూసి తెప్పించాడు. పొద్దుటి మాత్రలతో కలిపి వేసుకోనా?" అన్నారు. ఆయన్ని స్టూల్ మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూశాం. మీ ఇంటికి అలాంటి సీసా వస్తే మీరూ అదే వరుసలో చూడండి.

ముందు, లోపల ఉన్నదేమిటో తేల్చుకోవాలి. ఈ మొక్కలో వందకు పైగా సమ్మేళనాలు ఉన్నాయి. మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ. సీబీడీ (కానబిడయాల్) అదే మొక్కలోని ఇంకో సమ్మేళనం, దానికి ఆ మత్తు లేదు. హెంప్ గింజల నూనె ఈ రెండూ కాదు. అది వంటనూనె లాంటిది, 2021లో మన ఆహార భద్రతా సంస్థ తినడానికి అనుమతించింది, అందులో సీబీడీ దాదాపు ఉండదు. (హెంప్ అంటే మత్తు పదార్థం బాగా తక్కువ ఉండే గంజాయి మొక్క రకం. దాన్ని మన జనుము అనుకుంటారు కొందరు. జనుము వేరే మొక్క.) గంజాయి ఆకు నుంచి తీసిన సారాన్ని మన దేశంలో ఆయుర్వేద మందుగా, ఎక్కువగా 'విజయ' పేరుతో అమ్ముతారు. ఆయుర్వేద మందుల నిబంధనల్లో విషద్రవ్యాల జాబితా ఒకటుంది, భంగు (గంజాయి ఆకు) అందులోనే ఉంది. బాబాయ్ గారి సీసా మీద ముందువైపు పెద్ద ఆకు బొమ్మ. వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలన్న హెచ్చరిక వెనకవైపు, నా కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడనంత అక్షరాల్లో ఉంది.

తర్వాత, ఆ గొప్ప కబురు ఎవరి ఒంటి మీద చూసి చెప్పిందో అడగండి. 2005లో జెనీవా పరిశోధకులు చిట్టెలుకలకి టీహెచ్‌సీని నోటి ద్వారా అతి తక్కువ మోతాదులో ఇస్తే నాళాల్లో పూడిక పెరగడం నెమ్మదించింది. రోగనిరోధక కణాల మీద ఉండే సీబీ2 అనే గ్రాహకం (ఇలాంటి పదార్థాలు వచ్చి అతుక్కునే చోటు) ద్వారా వాపు తగ్గడమే కారణం. చాలా మంచి పరిశోధన, నేను గౌరవిస్తాను. కానీ అది టీహెచ్‌సీ, సీసాలో ఉన్నది సీబీడీ. పైగా 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే అదే టీహెచ్‌సీ సీబీ1 గ్రాహకాన్ని పట్టుకుని రక్తనాళాల లోపలి పొరలో వాపు పెంచింది. సోయాలో ఉండే జెనిస్టీన్ ఎలుకల్లో దాన్ని అడ్డుకుంది.

సీబీడీని మనుషులకి ఇచ్చి చూసినవీ ఉన్నాయి. 2017లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తొమ్మిదిమంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఒక్కసారి 600 మిల్లీగ్రాములు ఇస్తే, కుదురుగా కూర్చున్నప్పటి పై బీపీ 6 పాయింట్లు తగ్గింది. 2020లో 26 మందికి ఏడు రోజులు ఇచ్చి చూస్తే ఆ తగ్గుదల నిలవలేదు, ధమనుల బిరుసు మాత్రం కొంత తగ్గింది. అంతవరకు ఆశ ఉన్న మాటే. కానీ వీటిలో ఏదీ గుండెపోటు తగ్గిందని తేల్చడానికి చేసింది కాదు.

ఇక మోతాదు. కాగితం మీద లెక్కేశాం. సీసాలో 30 మి.లీ., మొత్తం సీబీడీ 300 మి.గ్రా. డ్రాపర్ నిండా ఒక మి.లీ., అంటే 10 మి.గ్రా. నాటింగ్‌హామ్‌లో ఇచ్చిన 600 మి.గ్రా. కావాలంటే రెండు సీసాలు ఒక్క పూటలో తాగాలి. ఆయన ఆ కాగితం వంక చాలాసేపు చూశారు.

అసలు టెన్షన్ మాత్రల దగ్గర వచ్చింది నాకు. ఆయన పొద్దున క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు, స్టెంట్‌లో గడ్డ కట్టకుండా. ఆ మాత్ర వేసుకోగానే పనిచేయదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చి పనిలోకి దించాలి. సీబీడీ అదే ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది. గ్యాస్‌కి ఓమిప్రజోల్ వద్దని పాంటోప్రజోల్ రాసేది కూడా ఈ కారణంతోనే. రక్తం గడ్డ కట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకి సీబీడీ వల్ల ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె) పెరిగి రక్తస్రావం కావచ్చు. ఎక్కువ మోతాదుల్లో కాలేయ పరీక్షల అంకెలు పెరగడం మూర్ఛకి వాడే సీబీడీ మందులోనే బయటపడింది. అందుకే ఇంట్లో వేసుకునే ప్రతి మాత్ర పేరూ ఒక కాగితం మీద రాయండి, సీసా వెనకవైపు ఫోటో తీయండి, రెండూ గుండె డాక్టరు గారికి చూపించండి. ఆయన సరే అనేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. ముఖ్యంగా, ఆ నూనెని నమ్ముకుని ఉన్న మాత్ర మానేయకండి.

ఇంట్లో కుర్రాళ్లెవరైనా "గంజాయి గుండెకి మంచిదట" అంటే వెంటనే ఆపండి. గంజాయి పొగ తాగిన తొలి గంటలో గుండెపోటు ప్రమాదం 4.8 రెట్లు పెరిగిందని 2001లో అమెరికాలో తేలింది. 2024లో అక్కడే 18 ఏళ్లు నిండిన 4,34,000 మంది వివరాలు చూస్తే, వాడనివాళ్ల కంటే రోజూ వాడేవాళ్లలో గుండెపోటు 25 శాతం, పక్షవాతం 42 శాతం ఎక్కువగా కనిపించాయి.

బాబాయ్ గారు మూత కూడా తీయకుండా సీసాని నా దగ్గరే వదిలేశారు. రెండు రోజులకి డాక్టరు గారు వద్దన్నారని ఫోన్ చేసి చెప్పి, "క్లోపిడోగ్రెల్ అయిపోవస్తోంది, ఒక నెలకి తీసి ఉంచమ్మా" అన్నారు.