దుబాయ్ వెళ్లే పెట్టెలో గసగసాలు వద్దు

అమలాపురం నుంచో, రాజోలు నుంచో పిల్లల్ని చూడటానికి దుబాయ్ బయల్దేరేవాళ్ల పెట్టె సగం వంటింట్లోనే నిండుతుంది. కాబట్టి తనిఖీ కూడా అక్కడే మొదలుపెట్టండి. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో గసగసాలు పడ్డాయా? అది ఇక్కడే ఉంచేయండి. నల్లమందు మొక్క గింజలు కనుక అక్కడ గసగసాలు మాదకద్రవ్యాల కిందే లెక్క. చెంచాడే కదా అన్నా, తెలియక తెచ్చామన్నా చెల్లదు. పక్కింటివాళ్లు "మా అబ్బాయికి ఇవ్వండి" అని తెచ్చే పొట్లం వాళ్ల ఎదుటే విప్పి చూడండి. ఈ ఒక్క చోట మొహమాటపడకండి. ఆవకాయ సీసాకి రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి; చేతిసంచిలో పెడితే మన విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు.

బీపీ, షుగరు మాత్రలు అట్టలతోనే ఉంచి, ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీ జతచేయండి. విడి మాత్రలు కవర్లో పోసుకెళ్తే అవేమిటో ఎవరికీ తెలియదు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులకు అక్కడి ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి.

దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. దిగాక ఇంట్లోవాళ్లు కంగారుపడకుండా కాల్స్‌కి పనికొచ్చే బోటిమ్ యాప్ ఇద్దరి ఫోన్లలో ఇక్కడే వేసి పెట్టుకోండి.

మెట్రోకి నోల్ అనే ప్రయాణ కార్డు కావాలి; ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేటు దగ్గర తాకించాలి. ఆడవాళ్లకీ పిల్లలకీ కేటాయించిన పెట్టెలో మగవాళ్లు నిలబడితే 100 దిర్హాములు జరిమానా. లోపల ఏమైనా తిన్నా, తాగినా అంతే. టాక్సీ అయితే లేత గోధుమరంగు ఒళ్లు, కంపెనీని బట్టి ఎరుపో నీలమో వేరే రంగు టాపు ఉన్నదే, మీటరు మీదే ఎక్కండి. పోలీసుకి 999, అంబులెన్సుకి 998.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది వీసా. "విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ పని చూపిస్తా" అనే ఏజెంటు మాట నమ్మి మన ఊళ్ల ఆడపిల్లల్ని పంపొద్దు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేని పరిస్థితి. గడువు దాటితే రోజుకి 50 దిర్హాములు జరిమానా పడుతూనే ఉంటుంది. పనిలో పెట్టుకున్న యజమాని పనివాళ్ల పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికే విరుద్ధం. అలా లాక్కుంటే భారతీయుల కోసం నడిచే ఉచిత ఫోను 800 46342కి చెప్పాలి. ఆ నంబరు ఫోనులోనే కాక, ఒక కాగితం మీద కూడా రాసి దుస్తుల్లో దాచి పంపండి.